కుక్క మొరిగిన టైము

ఇది ఒక మహాయాత్ర కథ. ఇందులో నిప్పులు చెరిగే నేల ఉంది, నాలుక పిడచగట్టే దాహం ఉంది, దారికి అడ్డంగా నిలిచి గర్జించే కావలి మృగం ఉంది, చేతికందిన నిధి కళ్ళముందే మాయమవడం ఉంది, చివర్లో జయజయధ్వానాలు ఉన్నాయి. వినేవాళ్ళు కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని వినాలి.

అంత లేదు. నిప్పులు చెరిగే నేల అంటే మే నెల తార్నాక చౌరస్తా. కావలి మృగం అంటే మా క్యాంపస్ గేటు పక్కన కొబ్బరిబోండాల బండి నీడలో పడుకునే గోధుమరంగు కుక్క. నిధి అంటే చేతిలో పట్టే ఒక జీపీఎస్ మిషన్‌లో రోజుకొకటి చొప్పున దాచుకున్న నడక గీతలు; వాటినే ట్రాక్ లాగులు అంటారు. యాత్ర అంటే ఎండాకాలం సెలవుల్లో రోజూ మధ్యాహ్నం మా హాస్టల్ నుంచి లాలాగూడ దాకా నడవడం. ఆటో ఎక్కితే డ్రైవరు తన కష్టాలు సగం చెప్పేలోపు దిగిపోయే దూరం. జయజయధ్వానాలు మాత్రం నిజంగానే ఉన్నాయి. అవి ఒక సోడా దుకాణం ముందు వినిపించాయి.

పని నాది కాదు, అక్కది. సొంత అక్క కాదు, మా డిపార్ట్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేస్తున్న సీనియర్. క్యాంపస్‌లో మనకంటే ముందు చేరిన ప్రతి ఆడమనిషీ అక్కే, ప్రతి మగవాడూ అన్నే. మరీ ముందు చేరి జుట్టు నెరిస్తే సార్. అక్క లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉంటుంది. బావ వర్క్‌షాపులో ఉద్యోగం. అక్క పొద్దున ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పి, సాయంత్రం ఇల్లు చూసుకుని, ఆ రెండింటి మధ్య సందులో థీసిస్ రాసుకుంటూ వచ్చింది. సందు ఇరుకు కాబట్టి థీసిస్ పెరగలేదు. గడువు పెంచారు, మళ్ళీ పెంచారు, చివరికి ఈ దసరాలోపు ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు అన్నారు. ఇక పెంచడాల్లేవు.

ఆమె విషయం ఎండ. చెట్లున్న మా క్యాంపస్‌కూ సిమెంటు నిండిన తార్నాకకూ మధ్యాహ్నపు వేడిలో ఎంత తేడా, ఆ తేడా సరిగ్గా ఏ చోట మొదలవుతుంది, ఇదీ ప్రశ్న. దానికి ఒక ఎండాకాలం మొత్తం నడిచి కొలవాలి. హైదరాబాదులో ఎండాకాలం ఎన్ని నెలలైనా ఉంటుంది గానీ, లెక్కకు ఏడాదికి ఒక్కటే. అది చేజారితే మళ్ళీ వచ్చేసరికి అక్కకు రిజిస్ట్రేషన్ ఉండదు.

నేను అప్పుడు ఎమ్మెస్సీ చదువుతున్నాను. ఇందులో ఎందుకు దూరానంటే, సెలవుల్లో ఊరికి పోతే అమ్మ చేలో పత్తికట్టె పీకిస్తుంది. ఎండలో పని తప్పించుకోవడానికి ఎండలో పనికి ఒప్పుకున్న మనిషిని నేను. అమ్మకు ఫోన్‌లో సంగతి చెప్పాను.

“ఎండను కొలుస్తున్నవా?”

“అవునే.”

“మాకు కొలవకుంటనే తెలుస్తున్నది గదరా. దానికి చదువేంది?”

ఆ ప్రశ్నకు మా డిపార్ట్‌మెంట్‌లో ఇప్పటికీ ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు.

సామాను గురించి చెప్పాలి. అక్క చేతిలో ఒక కర్ర, కర్ర చివర తెల్ల పైపు ముక్క, పైపు లోపల నీడపట్టున ఒక థర్మామీటరు. అది కాసేపటికొకసారి టైమూ వేడీ తనలో తానే రాసుకుంటుంది. ఎక్కడున్నామో దానికి తెలియదు. నా చేతిలో జీపీఎస్. అది ఎక్కడున్నామో, ఏ టైముకు అక్కడున్నామో రాసుకుంటుంది. వేడి సంగతి దానికి పట్టదు. రెండింటిలోని టైములూ జత కలిపితే ఏ చోట ఎంత వేడి అన్నది బయటికి వస్తుంది. పెళ్ళి సంబంధంలో రెండు ఇళ్ళకూ తెలిసిన పెద్దమనిషి ఒకడుంటాడు చూడండి, టైము అలాంటిది. ఆయన రాకపోతే ఇటువాళ్ళు ఇటే, అటువాళ్ళు అటే.

ఫోన్‌లో జీపీఎస్ లేదా అంటారు. ఉంది. తార్నాక చౌరస్తా దాటేసరికి ‘నాకు వేడిగా ఉంది, చల్లబడ్డాక మాట్లాడదాం’ అని ఫోన్ ఆరిపోతుంది. ఈ మిషన్ అలా అలగదు. రెండు పెన్సిల్ సెల్లులు వేస్తే చెప్పిన పని చేస్తుంది. మా హాస్టల్లో ఆ గుణం ఇంకెవరికీ లేదు.

అక్క పెట్టిన నియమం ఒక్కటే: నడక ఆగకూడదు, ఉరకకూడదు. మొదటి అడుగు ఎట్లనో చివరి అడుగూ అట్లనే. పెళ్ళి బరాత్‌లో గుర్రం నడిచినట్టు నడిచేవాళ్ళం. బ్యాండు లేదు, వరుడు లేడు, వెనక డాన్సు చేసే మేనమామలు లేరు. మధ్యాహ్నం ఎండలో కర్ర పట్టుకున్న ఆవిడ ముందు, చేతిలో డబ్బా చూసుకుంటూ నేను వెనక. హాస్టల్ ముందు గుల్‌మొహర్లు, ఆ తర్వాత బండరాళ్ళు, సీతాఫలం పొదలు, వేపచెట్ల వరుస, గేటు, గేటు దాటగానే కుక్క. కుక్కకు మా మీద కోపం లేదు, కర్ర మీద ఉంది. రోజూ కర్రనే చూసి మొరిగేది. అక్క ఆగేది కాదు. నియమం అంటే నియమం. నేను మాత్రం అక్క నడకకు కొంచెం ముందుండడం ఆరోగ్యమని గేటు దగ్గర వరుస మార్చేవాణ్ణి.

తార్నాకలో మెట్రో నీడ అయిపోయిన చోట ఒక గోళీసోడా దుకాణం ఉంది. దాని రేకుల షెడ్డు ఫుట్‌పాత్ మీదికి కొంచెం చనువుగా వచ్చి ఉంటుంది. మొదటి రోజు దుకాణదారుడు మమ్మల్ని దూరం నుంచే చూశాడు. కర్ర చూశాడు, డబ్బా చూశాడు, మొహం మాడ్చుకున్నాడు.

“తమ్మీ, సర్వేనా?”

“సర్వేనే అన్నా.”

“రోడ్డు వెడల్పు జేస్తున్రా? నా షెడ్డు ఎంత పోతది?”

“రోడ్డు గాదన్నా. ఎండ కొలుస్తున్నం.”

“ఎండను కొలిశి ఏం జేస్తరు? ఎక్కువున్నదని తగ్గిస్తరా?”

“పుస్తకం రాస్తరన్నా.”

“ఒకపారి గిట్లనే వచ్చిన్రు తమ్మీ. చెట్లు లెక్కవెడ్తున్నం అన్నరు. మంచిగ లెక్కవెట్టిన్రు. కొట్టేశిన్రు.” ఆయన సోడా కొట్టి గ్లాసులో పోశాడు. “జర ఆగున్రి, తాగి పోన్రి.”

“ఆగొద్దన్నా, రూలు.”

ఆగకపోతే ఆయన ఆగలేదు. గ్లాసు పట్టుకుని మా పక్కనే బరాత్ నడక నడిచాడు. నేను నడుస్తూ తాగాను. ఆయన నడుస్తూ గ్లాసు తీసుకుని వెనక్కి పోయాడు. రెండో రోజు నుంచి మేము మెట్రో స్తంభం దగ్గర కనబడగానే గ్లాసుతో రెడీగా ఉండేవాడు. మూడో రోజు అక్క నన్ను పక్కకు లాగింది, నడుస్తూనే.

“తాగకు. లంచమది.”

“అక్కా, షెడ్డు మన చేతుల లేదు. లేని అధికారానికి ఇచ్చేది లంచమెట్లయితది?”

“మరేమైతది?”

“సోడా అయితది.”

ఈ మిషన్‌లో ఒక బటన్ ఉంది. కాసేపు నొక్కి పట్టుకుంటే మనం ఉన్నచోట ఒక చిన్న జెండా పాతుతుంది. నడుస్తూ చేయడానికి నాకు వేరే పని లేదు కాబట్టి జెండాలు పాతాను. కుక్క మొరగగానే ఒకటి. సోడా చేతికి రాగానే ఒకటి. గేటు ముందు వేపచెట్ల వరుస అయిపోయి నెత్తి మీద ఎండ పడేచోట ఒకటి. అమ్మ ఫోన్ మోగినచోట ఒకటి; అమ్మ రోజూ సరిగ్గా నేను రోడ్డు దాటేటప్పుడే చేసేది. చివర లాలాగూడ క్వార్టర్స్ గేటు దగ్గర బావ భోజనాల గంటలో వచ్చి చల్లనీళ్ళ బాటిల్‌తో నిలబడి ఉంటే ఒకటి. సాయంత్రం హాస్టల్లో కూర్చుని వాటికి పేర్లు పెట్టేవాణ్ణి: కుక్క, సోడా, నీడ ఖతం, అమ్మ, బావ. ఒకే పేరు రెండుసార్లు పెడితే మిషన్ ఒప్పుకోదు, అందుకని కుక్క రెండు, కుక్క మూడు, అలా. అక్క ఒకరోజు మ్యాపు తెరిచి చూసింది.

“ఇదేంది తమ్మీ? ట్రాక్ అడిగితే జాతర చేశి ఇచ్చినవ్.”

“మ్యాపుకు జర జీవం ఉండాలె గదక్కా.”

“జీవం నా థీసిస్‌కు ఉండాలె. కుక్కకు ఎందుకు?”

ట్రాకుల పేర్ల దగ్గర కూడా గొడవే. మొదటి రోజు ట్రాక్‌ను నేను ‘విజయయాత్ర’ అని దాచాను.

“రేపటి దానికి ఏం పెడ్తవ్?” అంది అక్క.

“విజయయాత్ర రెండు.”

“మధ్యల ఒకరోజు వానకు ఎగిరిపోతే? ఏ యాత్ర ఏ రోజుదో నువ్వు జెప్తవా, కుక్క జెప్తదా? పేరు మొదలు సంవత్సరం పెట్టు, దాని తర్వాత నెల, దాని తర్వాత తారీఖు. గంతే. అట్ల పెడితే అవే వరుసల నిలబడతయ్.”

మహాకావ్యం అక్కడ అంకెల పాలైంది. పేరులో నాకు మిగిలిన స్వేచ్ఛ నెల ముందు సున్నా పెట్టడం. అది కూడా తప్పనిసరి అని తర్వాత తెలిసింది.

ఇక స్టిక్కరు. మిషన్ వీపు మీద ఒక పాత స్టిక్కరు ఉంటుంది: ‘రోజూ సేవ్ చేసి క్లియర్ చేయవలెను.’ ఎవరు రాశారో తెలియదు. మిషన్ ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కు చేతులు మారేటప్పుడు, ఇచ్చేవాళ్ళు ఆ అక్షరాల మీద మళ్ళీ పెన్నుతో దిద్ది ఇవ్వడం ఆనవాయితీ. ఏళ్ళ తరబడి దిద్ది దిద్ది ఆ అక్షరాలు గోడ మీద రాసిన నినాదాలంత లావయ్యాయి. అందులో ఏముందో ఎవరూ అడగరు. దిద్దుతారు, ఇస్తారు. తీసుకున్నవాళ్ళు సాయంత్రం కాగానే సేవ్ కొట్టి, ఆ రోజు గీతను తుడిచేసి, రేపటికి పలక శుభ్రం చేసుకుంటారు.

మేమూ అంతే చేశాం. మొదటి రోజు మాత్రం అక్క జాగ్రత్తగా, సేవ్ కొట్టకముందే మిషన్‌ను కంప్యూటర్‌కు తగిలించి చూసింది. గీత ఉంది, ప్రతి చుక్క పక్కన టైము ఉంది. ఆ ఫైలును కంప్యూటర్‌లో దాచుకుని సంతోషపడింది. తర్వాత సెలవుల్లో ఆ కేబుల్ ఆఫీసు బీరువాలోకి పోయింది, బీరువా తాళం చెవి క్లర్కు గారితో పాటు వాళ్ళ ఊరికి పోయింది. పర్వాలేదు, అన్నీ మిషన్‌లోనే దాచుకుందాం, చివర్లో ఒకేసారి తీసుకుందాం అనుకున్నాం. స్టిక్కరు కూడా అదే కదా చెబుతోంది.

తొలివాన పడ్డాక నడకలు ఆపేశాం. ఆఫీసు తెరిచారు. క్లర్కు గారు ఊరి మామిడిపళ్ళ గురించి చెప్పడం పూర్తయ్యాక కేబుల్ ఇచ్చారు. అక్క మిషన్ తగిలించింది. వరుసగా దిగాయి ట్రాకులు, తారీఖుల ప్రకారం, క్రమశిక్షణ గల సైనికుల్లా. అక్క ఒకటి తెరిచింది. గీత ఉంది. టైము ఉండాల్సిన వరుస ఖాళీ. ఇంకోటి తెరిచింది. ఖాళీ. చివరిదాకా తెరిచింది.

ఆ పాత మిషన్ సంగతి ఇదీ: నడుస్తున్నంతసేపు రాసుకునే లాగులో టైములు ఉంటాయి. సేవ్ కొడితే మాత్రం చోటు కలిసివస్తుందని గీత ఆకారం ఒక్కటే ఉంచుకుని టైములు పారేస్తుంది. టైములున్న అసలు లాగును మేము రోజూ సాయంత్రం భక్తితో తుడిచేశాం. స్టిక్కరు రాసిన పాతకాలపు సీనియర్‌కు దారుల బొమ్మ తప్ప టైములతో పని ఉండి ఉండదు. ఆయన తన పనికి రాసుకున్న మాటను మిగతా బ్యాచులన్నీ శాసనంలా దిద్దుకుంటూ వచ్చాయి.

అక్క గైడు సార్ వచ్చి కంప్యూటర్ వైపు చూశారు, కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూశారు. టైములు కళ్ళజోడు మీద లేవు.

“వచ్చే ఎండాకాలం…” అని మొదలుపెట్టి ఆపేశారు. ఆ వాక్యం పూర్తిచేయడానికి లేదని ఆ గదిలో అందరికీ తెలుసు.

అక్క ఏడుస్తుందేమోనని నేను ఫ్యాను వైపు చూశాను. ఏడవలేదు. కర్ర నుంచి పైపు విప్పింది. “పా తమ్మీ, ఛాయ్ తాగుదాం,” అంది. క్యాంటీన్‌లో గ్లాసు ముందు పెట్టుకుని చాలాసేపు తాగలేదు.

“మా నాయిన ఫోన్ జేశినప్పుడల్ల ఒకటే అడుగుతడు. అయిపోయిందా బిడ్డా అని. అయితున్నది నాయినా, అయితున్నది అంటనే ఉన్న.” గ్లాసు తిప్పింది. “ఈసారి అయిపోయింది అనే చెప్త. అబద్ధం గాదు గదా.”

నేను ఒక జోకు వేశాను. ఏమిటో గుర్తులేదు. దానికి నేనొక్కణ్ణే నవ్వాను, అదీ మర్యాదకు.

మర్నాడు పొద్దున మిషన్ తిరిగి అప్పగించాలి. ఖాళీ చేసి ఇవ్వడం కూడా ఆనవాయితీయే. ల్యాబులో అక్క తన కాగితాలు సంచిలో సర్దుకుంటూ అంది: “నీ కుక్కలు, నీ సోడాలు తీసెయ్యి. మనం ఉన్న గుర్తు ఉండొద్దు.”

జెండాల పట్టిక తెరిచాను. ఇంగ్లీషు అక్షరాల వరుసలో మొదటిది అమ్మ. తీసేయనా అని మిషన్ అడిగింది. తియ్యి అన్నాను. అమ్మ పోయింది. అప్పటికి నా మనసు ఎలా ఉందంటే, అది కూడా జోకులా అనిపించలేదు. మిగతా అమ్మలను తీయడానికి మనసు రాక కిందికి జరిపితే బావ. తొందరలో తీసే బటన్ బదులు తెరిచే బటన్ నొక్కాను. బావ పేజీ తెరుచుకుంది. పేరు, చోటు, దాని కింద చిన్న అక్షరాల్లో మిషన్ తనంతట తాను రాసుకున్న ఒక ముక్క. తారీఖు. టైము. సెకన్లతో సహా.

“అక్కా,” అన్నాను, “బావ దగ్గర టైమున్నది.”

“మీ బావ దగ్గరనా? ఆదివారం గూడ ఉండదు.”

“ఆ బావ గాదక్కా. మిషన్ల బావ.”

అక్క సంచి కింద పెట్టింది. నేను సోడా తెరిచాను. టైముంది. నీడ ఖతం తెరిచాను. ఉంది. కుక్క తెరిచాను.

“కుక్కకు గూడ టైమున్నది! అది మొరిగిన టైము!”

అక్క మిషన్ నా చేతిలోంచి లాక్కుంది. ఒక్కొక్క జెండా తెరిచి చూస్తూ ఉంటే ఆమె మొహంలో రంగు తిరిగి రావడం చూశాను. కాసేపటికి నా వైపు తిరిగింది. మెచ్చుకుంటుందనుకుని తల వంచుకుని నిలబడ్డాను.

“ఎన్ని తీసేశినవ్?”

“ఒక్కటే. అమ్మను.”

“ఇంకొక్కటి ముట్టుకున్నవంటే చేతులు ఇరగ్గొడ్త.”

మెప్పు అంటే అదే అనుకోవాలి.

మా దగ్గర ఇప్పుడు ఏముందంటే: అక్క పట్టుదల వల్ల ప్రతి గీతకూ తారీఖు ఉంది. నా పనిలేనితనం వల్ల ఆ గీత మీద అక్కడక్కడా టైము తెలిసిన చోట్లున్నాయి. రెండు చోట్ల మధ్య మేము ఆగలేదు, ఉరకలేదు. నీడ ఖతం దగ్గర ఏ టైముకు ఉన్నామో, కుక్క దగ్గర ఏ టైముకు ఉన్నామో తెలిస్తే, మధ్యలో ప్రతి అడుగు టైమూ లెక్కకట్టవచ్చు. ఆ గుర్రం నడక అందుకు పనికొచ్చింది. అక్క నియమం లేకపోతే నా జెండాలు ఉత్త చిల్లర. నా జెండాలు లేకపోతే అక్క నియమం ఉత్త వ్యాయామం. ఈ మాట ఆరోజే ఆమెతో అన్నాను. “నువ్వు గమ్మునుండు,” అంది, నవ్వుతూనే.

సార్ మాత్రం నవ్వలేదు. మొత్తం విన్నారు. “అమ్మా, ఇది అంచనా. అంచనా సరైందని ఎట్లా చెప్తావు?” అన్నారు.

సార్ అన్నది నిజమే. అక్క కుర్చీలోంచి లేచి, కూర్చుని, మళ్ళీ లేచింది. “మొదటి రోజు సార్!” అంది. మొదటి రోజు ఫైలు. సేవ్ కొట్టకముందు కంప్యూటర్‌లోకి తీసి దాచుకున్నది. అందులో అసలు టైములన్నీ ఉన్నాయి. అదే రోజు సేవ్ కొట్టిన గీత కూడా ఉంది, టైముల్లేకుండా. అదే రోజు కుక్కా సోడా కూడా ఉన్నాయి. అంటే ఆ ఒక్క రోజుకు మా లెక్కను అసలుతో పోల్చి చూడవచ్చు.

అక్క లెక్క వేసింది. మధ్యాహ్నం భోజనానికి ఎవరూ లేవలేదు. నేను లేవబోతే సార్ చూశారు, కూర్చున్నాను. మా లెక్కలో వచ్చిన టైములు ఒక వరుస, అసలు టైములు పక్కన ఇంకో వరుస. అక్క రెండింటినీ గీతలుగా గీయించింది. కంప్యూటర్ తెర మీద ఒక గీతే కనబడింది. ఇంకోటి ఏదీ అని సార్ అడిగారు.

“దాని కిందనే ఉన్నది సార్,” అంది అక్క.

పెద్దది చేసి చూశారు. రెండు గీతల మధ్య తేడా మనిషి తుమ్మి ముక్కు తుడుచుకునేంత. చౌరస్తా దగ్గర మటుకు కొంచెం ఎక్కువ. అక్కడ సిగ్నల్ కోసం మా నియమం కూడా ఆగింది. సార్ కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. “బాగుంది,” అన్నారు. సార్ నోటి నుంచి ఆ మాట వినడం కోసం గజమాలలు తెచ్చి వేచి చూసినవాళ్ళు ఉన్నారు. నేను బల్ల మీద దరువు వేశాను. అక్క అప్పుడు ఏడ్చింది. నేను మళ్ళీ ఫ్యాను వైపు చూశాను.

ఆ తర్వాత వానాకాలమంతా సర్దడమే. రోజుకొక ఫోల్డరు, ఫోల్డరు పేరు తారీఖు. లోపల గీత, జెండాలు, థర్మామీటరు ఫైలు, అంతే. ఒక కాపీ ల్యాబు కంప్యూటర్‌లో, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఒకటి అక్క ఇంట్లో దేవుని పటం కింద. చివరిది వృత్తి పద్ధతి కాదు, అక్క పద్ధతి. ఆదివారాలు చర్చి నుంచి నేరుగా ల్యాబుకు వచ్చి నన్ను నిద్ర లేపేది. కొన్ని రోజులు పనికిరాలేదు. కుక్క ఊరు పోయిన రోజు, సోడా దుకాణం బంద్ ఉన్న రోజు జెండాలు చాలక ఆ రోజులు పక్కన పెట్టేశాం. కుక్క హాజరుపట్టీని అంత శ్రద్ధగా చూసిన పరిశోధన ఇంకోటి ఉండదు. జరిగిందంతా దాచకుండా పద్ధతుల అధ్యాయంలో రాయమన్నారు సార్. అక్క రాసింది. స్టిక్కరు సంగతి కూడా రాసింది.

దసరా ముందు అక్క థీసిస్ ఇచ్చేసింది. వైవా చలికాలంలో పడింది. హాల్లో వెనక వరుసలో తెల్ల పంచె కట్టుకున్న ఒక పెద్దాయన, అక్క వాళ్ళ నాయిన, పొద్దున బస్సుకే వచ్చి కూర్చున్నారు. ఆయన పక్కన బావ, లీవు పెట్టి. బావ పక్కన నేను, ఇస్త్రీ చొక్కాలో. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు గారు పేజీలు తిప్పి తిప్పి ఒకచోట ఆగారు.

“మీ పటంలో ఇక్కడ ‘కుక్క’ అని ఉంది. ఏమిటిది?”

నేను సీటులో కిందికి జారాను.

“గేటు దగ్గర కుక్క, సార్. టైము గుర్తు కోసం పెట్టాం.”

“కుక్క కదులుతుంది కదమ్మా?”

“కదులుతుంది సార్. కానీ అది మొరిగినప్పుడు మిషన్ రాసుకున్నది మేమున్న చోటు, మేమున్న టైము. కుక్క ఎక్కడున్నా మాకు ఇబ్బంది లేదు.”

నాకు ఉండేది. కానీ అది నా వైవా కాదు.

ఆయన ఇంకో పేజీ తిప్పారు. వేడి అసలు ఎక్కడ పెరుగుతోంది అని అడిగారు. అందరూ చౌరస్తా అనుకుంటారు సార్, కాదు, అంది అక్క. ఆఖరి వేపచెట్టు దగ్గర వేడి మెట్టెక్కినట్టు ఒక్కసారిగా పైకి పోతుంది. ‘నీడ ఖతం’ అని జెండా ఉన్న చోటే. అక్కడి నుంచి పెరిగి పెరిగి, సోడా జెండా దగ్గర అన్నిటికంటే ఎక్కువ. ఆ పటం తెర మీద పడితే ఆయన కుర్చీలో ముందుకు వంగి చూశారు. నా పనిలేనితనం ఎరుపు రంగులో, ఇంత పెద్దదిగా, తెర మీద వెలుగుతుంటే చూసే భాగ్యం అందరికీ దక్కదు.

కాసేపటికి అందరినీ బయటికి పంపి, మళ్ళీ లోపలికి పిలిచి, అక్కను డాక్టరు అన్నారు. చప్పట్లు. దండలు. ఫొటోలు. ఆ సందడిలో పెద్దాయన మెల్లగా ముందుకు వచ్చి నిలబడ్డారు.

“అయిపోయిందా బిడ్డా?”

“అయిపోయింది నాయినా.”

ఆయన ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టారు. నేను సమోసాల వైపు చూశాను. అక్కడ ఫ్యాను లేదు.

సాయంత్రం మా బరాత్ మళ్ళీ కదిలింది, ఈసారి దండతో అక్క, సంచితో బావ, చెప్పులు చేతబట్టుకుని పెద్దాయన, కొత్తచెప్పులు కరుస్తున్నాయట. కుక్క మమ్మల్ని చూసి మొరగలేదు. కర్ర లేదు కదా. కొంచెం అవమానంగా అనిపించింది. సోడా అన్న మెట్రో స్తంభం దగ్గరే మమ్మల్ని పట్టుకున్నాడు.

“ఏమాయె తమ్మీ? షెడ్డు పోతదా?”

“పోదన్నా. అక్క డాక్టరైంది. మొత్తం దారిల అన్నిటికన్న గరం జాగ నీ దుకాణం ముందటనే అని తేలింది. పుస్తకంల వచ్చింది.”

ఆయన దుకాణం వైపు తిరిగి చూశాడు. నేను అనుకున్నట్టు బాధపడలేదు.

“అన్నిటికన్న?”

“అన్నిటికన్న.”

“అరే భాయ్, ఇనున్రి!” అని రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ వినబడేలా అరిచాడు. “తార్నాకల నంబర్ వన్ గరం మన దుకాణమే! డాక్టరమ్మ కొలిశింది! సోడా తాగకుంట ఎవ్వడు పోవద్దు!” బస్టాపులో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎందుకో వాళ్ళకు తెలియదు. ఆ రోజు అక్క కూడా సోడా తాగింది, నిలబడి. ఆగి తాగితే గ్యాసు ముక్కులోకి పోతుందని మాకు అప్పటిదాకా తెలియదు.

మర్నాడు నేను, వానాకాలం నుంచి ల్యాబులోనే ఉండిపోయిన మిషన్‌ను అప్పగించడానికి పోయాను. పాత స్టిక్కరు గీకేసి కొత్తది అంటించి, నా చేత్తో లావుగా రాశాను: ‘ముందు కంప్యూటర్‌లోకి తీసుకోవలెను. టైములు చూసుకోవలెను. ఆ తర్వాతే క్లియర్.’ ఇకనుంచి బ్యాచులన్నీ దీన్ని దిద్దుతాయి. చరిత్రను మార్చినవాడి నడకతో ఆఫీసులోకి వెళ్ళి, మిషన్‌ను బల్ల మీద పెట్టి, ఇది కేవలం యంత్రం కాదు అని మొదలుపెట్టాను. క్లర్కు గారు స్టిక్కరు వైపు చూడలేదు. తిప్పి, వెనక మూత తీసి, పచ్చగా తుప్పు పట్టిన స్ప్రింగును నాకు చూపించారు.

ఎక్కువ రోజులు వాడకపోతే పెన్సిల్ సెల్లులు తీసి విడిగా పెట్టాలి. లేకపోతే కారి, స్ప్రింగుకు తుప్పు పడుతుంది.